జెనీవా సరస్సు ఒడ్డున బ్రన్స్‌విక్ స్మారకం: ఒక్క పూటే ఉంటే వెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జూన్‌లో అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్ వస్తున్నారు. జెనీవాకి ఒక్క పూటే మిగిలింది. సరస్సు పక్కన చర్చి శిఖరంలా ఉన్న కట్టడం ఫోటో చూశారు, అది ఎవరిదో సమాధి అని తెలిసింది. లోపలికి వెళ్లనిస్తారా, టికెట్ ఎంత, ఎంతసేపు పడుతుంది, నాన్నగారి మోకాళ్ల నొప్పులకి ఇబ్బంది అవుతుందా అని అడిగారు. సమాధి అనగానే అమ్మగారు వెనకాడుతున్నారని కూడా రాశారు. ఇవన్నీ చూసుకుని వెళ్లడం దండగేమోనని మీ అనుమానం.

దండగ కాదు, తప్పకుండా వెళ్లండి. టికెట్ లేదు. అది అందరికీ తెరిచి ఉండే చిన్న పార్కులో ఉంది. రైల్వే స్టేషన్ నుంచి నడిస్తే పది నిమిషాలు. సమాధి మండపంలోకి ఎక్కనివ్వరు, చుట్టూ తిరిగి చూడాలి, అందుకు అరగంట చాలు. దారి పెద్దగా ఎత్తుపల్లాలు లేనిది, పార్కులో కూర్చోవడానికి బెంచీలున్నాయి, కాబట్టి నాన్నగారికి ఫరవాలేదు.

కానీ ఒక్క షరతు. ఆ సమాధి ఎవరిది, జెనీవా ఊరు దాన్ని ఎందుకు కట్టింది అన్నది ముందే తెలుసుకుని వెళ్లండి. నేను ఈ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చే చుట్టాలను, స్నేహితుల తల్లిదండ్రులను ఆ ఒడ్డంతా తిప్పుతుంటాను. కథ తెలియనివాళ్లు రెండు ఫోటోలు తీసుకుని ‘బాగుంది, పదండి’ అంటారు. కథ తెలిసినవాళ్లను అక్కడి నుంచి కదిలించడం కష్టం. అందుకే ఈ జవాబులో దారి, టైమింగ్ కన్నా కథకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా, అది చర్చి కాదు. కోసుగా పైకి లేచిన కమానులు, సన్నటి శిఖరాలు, రాతిలో చెక్కిన ఆకులు, దేవదూతలు చూసి చర్చి అనుకోవడం సహజం. మాతో వచ్చిన ఒక పెద్దావిడ దాని ముందు చెప్పులు విప్పి దండం కూడా పెట్టుకున్నారు. ఆ శైలి పేరు గోతిక్. యూరప్‌లో మధ్యయుగాల నాటి పెద్ద చర్చిలు చాలావరకు ఆ పద్ధతిలోనే ఉంటాయి. ఇది మాత్రం మధ్యయుగాలది కాదు, 1879లో పూర్తయింది. అంటే పాత పద్ధతిని 19వ శతాబ్దంలో మళ్లీ తెచ్చి కట్టింది. దీనికి అసలు నమూనా ఇటలీలోని వెరోనాలో ఉంది. 14వ శతాబ్దంలో వెరోనాను ఏలిన స్కాలిజెర్ వంశం సమాధులు అక్కడొక చిన్న చర్చి పక్కన ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ఆడంబరమైన కాన్‌సిన్యోరియో సమాధి ఆరు కోణాల మండపం, పైన గుర్రం మీద కూర్చున్న ప్రభువు విగ్రహం. జెనీవాలో మీరు చూడబోయేది దాని అచ్చులోనే కట్టింది. వాస్తుశిల్పి జాన్ ఫ్రానెల్.

ఇక లోపల ఉన్న మనిషి. పేరు రెండవ చార్లెస్, బ్రన్స్‌విక్ డ్యూక్. బ్రన్స్‌విక్ అంటే ఇప్పటి జర్మనీ ఉత్తర భాగంలో ఒకప్పుడు ఉన్న చిన్న రాజ్యం. ఈయన 1804లో పుట్టాడు. రెండేళ్లకే తాతగారు నెపోలియన్ సైన్యంతో జరిగిన యుద్ధంలో గాయపడి చనిపోయాడు. 1815 జూన్ 16న, వాటర్‌లూ యుద్ధానికి సరిగ్గా రెండు రోజుల ముందు, కాత్ర్ బ్రా దగ్గర తండ్రి కూడా అదే నెపోలియన్ సైన్యం చేతిలో చనిపోయాడు. పదేళ్ల పిల్లాడు డ్యూక్ అయ్యాడు. ఎనిమిదేళ్లు ఇంగ్లండ్ రాజకుటుంబం పెత్తనంలో గడిచాక, 1823లో అధికారం చేతికొచ్చింది.

ఆ అధికారం ఎక్కువ కాలం నిలవలేదు. సంరక్షకుల కాలంలో వచ్చిన రాజ్యాంగాన్ని ఒప్పుకోనన్నాడు, పెద్దలతో తగాదా పెట్టుకున్నాడు, జనానికి దూరమయ్యాడు. 1830 సెప్టెంబరులో జనం తిరగబడి రాజభవనాన్ని తగలబెట్టారు. ఈయన పారిపోయాడు, తమ్ముడు విల్హెల్మ్ గద్దెనెక్కాడు. అప్పటికి ఈయన వయసు పాతికేళ్లు. ఆ తర్వాత బతికిన నలభై పైచిలుకు ఏళ్లూ సొంత రాజ్యం లేని రాజుగా, ఎక్కువగా లండన్‌లో, పారిస్‌లో గడిపాడు. చేతిలో విపరీతమైన డబ్బు ఉంది. వజ్రాల పిచ్చి ఉంది, ‘వజ్రాల డ్యూక్’ అని పేరు కూడా పడింది. చేయడానికి పని మాత్రం లేదు.

ఆ ఖాళీ జీవితంలోనే ఈయన పేరు మూడు చోట్ల చరిత్రలోకి ఎక్కింది. అందులో రెండు మనవాళ్లకు బాగా పరిచయమున్న రంగాలే.

ఒకటి చదరంగం. 1858లో పారిస్ ఒపేరాలో, అంటే సంగీత నాటకశాలలో, తన ప్రత్యేక సీట్ల గదిలో కూర్చుని ఈ డ్యూక్, ఇజువార్ అనే ఒక కౌంట్ కలిసి అమెరికా కుర్రాడు పాల్ మోర్ఫీతో ఆడారు. మోర్ఫీ చివర్లో మంత్రిని బలి ఇచ్చి 17 ఎత్తుల్లో మేట్ చేశాడు. దాన్ని ‘ఒపేరా గేమ్’ అంటారు. విజయవాడ, హైదరాబాదుల్లో చెస్ కోచింగ్‌కి వెళ్లే పిల్లల్ని అడగండి, మొదటి నెలల్లోనే ఆ ఆట నేర్పి ఉంటారు. ఎత్తులన్నీ గుర్తుంటాయి కానీ అవతల ఓడిపోయిన డ్యూక్ ఎవరో చాలామంది పట్టించుకోరు. ఆ డ్యూక్ సమాధే ఇది. మా బంధువుల అబ్బాయి ఒకడు చెస్ ఆడతాడు. ఈ సంగతి చెప్పగానే ఫోన్‌లో ఆ ఆట తెరిచి, పార్కు బెంచీ మీద కూర్చుని వాళ్ల నాన్నకి ఒక్కో ఎత్తూ చూపించాడు.

రెండోది పరువునష్టం చట్టం. 1830లో ఒక లండన్ పత్రిక ఈయన మీద ఏదో రాసింది. 17 ఏళ్లు గడిచాక ఈయన తన నౌకరుని పంపి ఆ పాత సంచిక కొనిపించాడు. ఇప్పుడు మళ్లీ అమ్మారు కాబట్టి మళ్లీ ప్రచురించినట్టే అని కేసు వేశాడు. 1849లో కోర్టు ఆయన వాదన ఒప్పుకుంది. ప్రతి అమ్మకం కొత్త ప్రచురణే అన్న ఆ సూత్రం ఇంగ్లండ్‌లో 2013 చట్టం వచ్చేదాకా నడిచింది. ఇంటర్నెట్ వచ్చాక పాత వెబ్ పేజీల మీద కేసుల్లో కూడా ఆ తీర్పునే ఎత్తి చూపేవారు. మీ ఇంట్లో లా చదివినవాళ్లుంటే ‘డ్యూక్ ఆఫ్ బ్రన్స్‌విక్ కేసు’ అనండి, వెంటనే పట్టుకుంటారు.

మూడోది సమాధే. 1870లో ఫ్రాన్సుకి, ప్రష్యాకి యుద్ధం రావడంతో పారిస్ వదిలి జెనీవా చేరాడు. 1873 ఆగస్టులో ఇక్కడే బో రివాజ్ హోటల్లో చనిపోయాడు. ఆ హోటల్ ఇప్పటికీ నడుస్తోంది, స్మారకానికి పక్కనే. వీలునామా తెరిచి చూస్తే ఆస్తి మొత్తం జెనీవా నగరానికి రాసి ఉంది. విలువ 2 కోట్ల ఫ్రాంకులకు పైమాటే. ఆ రోజుల్లో ఇంత చిన్న ఊరికి అది ఊహకందని డబ్బు. దానికి షరతు ఏమిటంటే, ఊళ్లో అందరికీ కనిపించే గొప్ప చోట తనకు సమాధి కట్టాలి. అది వెరోనా స్కాలిజెర్ సమాధుల్లా ఉండాలి. తన విగ్రహం, తండ్రి విగ్రహం, తాత విగ్రహం పెట్టాలి.

ఇందులో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. ఈయనకి ఒక కూతురు ఉంది. ఆమె తల్లిని ఈయన పెళ్లి చేసుకోలేదు. కూతురితో చెడింది, వీలునామాలో ఆమెకి ఏమీ ఇవ్వలేదు. ఆమె కుటుంబం, సివ్రీ వాళ్లు, జెనీవా నగరం మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. ఈ పాలరాతి సొగసుని చూసేటప్పుడు ఆ సంగతీ మనసులో ఉంచుకోవాలని నాకనిపిస్తుంది. కన్నకూతుర్ని కాదని, తనకేమీ కాని ఊరికి అంతా రాసిన మనిషి అడిగిన ప్రతిఫలం ఇది. తన రాజ్యంలో దక్కని గౌరవస్థానాన్ని పరాయి ఊళ్లో డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. రాజు అన్నవాడే లేని గణతంత్ర నగరం ఒప్పుకుని ఒక రాజుకి గుడి లాంటి సమాధి కట్టింది. నేను దీన్ని చూడమని పట్టుబట్టేది ఈ ఒప్పందం కోసమే. శిల్పకళ కోసమే అయితే వెరోనాలోని అసలుకి వెళ్లమంటాను.

అక్కడికెళ్లాక ఎలా చూడాలి?

ముందు రోడ్డు దాటి సరస్సు వైపుకి వెళ్లి దూరం నుంచి మొత్తం చూడండి. దగ్గర నిలబడితే మూడు అంతస్తుల ఆకారం తలకెక్కదు. కారు రద్దీ ఎక్కువుండే రోడ్డు అది, సిగ్నల్ దగ్గరే దాటించండి.

తర్వాత దగ్గరికొచ్చి ఒక చుట్టు తిరగండి. మధ్యలో రాతి పెట్టె, దాని మీద పడుకున్నట్టుగా డ్యూక్ విగ్రహం ఉంటాయి. చుట్టూ ఆరు కోణాల్లో ఆరుగురు పూర్వీకులు నిలబడి ఉంటారు. యుద్ధాల్లో పోయిన తండ్రి, తాత వాళ్లలోనే ఉన్నారు. రాజ్యం పోగొట్టుకున్న మనిషి రాజ్యం కోసం ప్రాణాలిచ్చిన వాళ్ల మధ్య పడుకుని ఉన్నాడని చెప్తే మీ అమ్మగారికి ఆ విగ్రహాలు వేరేగా కనిపిస్తాయి. కింద సింహాలు, పురాణాల్లోని వింత మృగాలు ఉన్నాయి. వాటిని చెక్కింది ఫ్రెంచి శిల్పి ఒగుస్త్ కెయిన్. జంతువుల శిల్పాల్లో ఆయనది పెద్ద పేరు. పిల్లలు వెంట ఉంటే ముందు వాటి దగ్గరికే పరిగెడతారు.

ఇప్పుడు తలెత్తి శిఖరం చూడండి. వెరోనా నమూనా ప్రకారం అక్కడ గుర్రం మీద డ్యూక్ ఉండాలి. కెయిన్ చేసిన ఆ కంచు విగ్రహాన్ని మొదట పైనే పెట్టారు. అంత ఎత్తున నిలకడగా ఉండదన్న భయంతో తర్వాత దించేశారు. ఇప్పుడది పార్కులోనే పక్కగా ఒక దిమ్మె మీద ఉంది. చాలామంది దాన్ని వేరే ఎవరిదో విగ్రహం అనుకుని దాటిపోతారు, మీరు మాత్రం వెతికి చూడండి. ఆ గుర్రాన్ని చూసి, మళ్లీ శిఖరాన్ని చూస్తే కట్టడం ఎలా ఉండాల్సిందో కళ్లకు కడుతుంది.

వెలుతురు గురించి. ఇది సరస్సుకి కుడి ఒడ్డున, తూర్పు ఆగ్నేయం వైపు ముఖం పెట్టి ఉంది. పొద్దున ఎండ సూటిగా ముందు భాగం మీద పడుతుంది, చెక్కడాలు బాగా తేలతాయి. సాయంత్రం సూర్యుడు వెనక్కి వెళ్తాడు, ఫోటోలో కట్టడం నల్లగా వస్తుంది. అదే దూరాన ఆల్ప్స్‌లోని మాం బ్లాంక్ శిఖరం చూడాలంటే మధ్యాహ్నం దాటాక మేలు, ఎండ అప్పుడు దాని మీద పడుతుంది. అయితే జూన్‌లో మబ్బు, పొగమంచు తెర ఉంటే శిఖరం కనిపించకపోవచ్చు, దాని మీద ఆశ పెట్టుకుని రావద్దు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి మీకు దొరికింది పొద్దుటి పూటైనా సాయంత్రమైనా తొందర పడక్కర్లేదు. ఎంచుకునే వీలుంటే పొద్దున్నే రండి.

అమ్మగారి సంకోచం గురించి. ఇది మనవాళ్లలో చాలామందికి ఉంటుంది, నేను తేలిగ్గా తీసుకోను. ఒక రిటైర్డ్ మాస్టారు దంపతులను తీసుకెళ్లినప్పుడు ఆవిడ కూడా ‘సమాధి దగ్గరికి నేను రాను’ అన్నారు. బలవంతం చేయలేదు. ఆవిడ రోడ్డుకి అవతల సరస్సు గట్టు మీద కూర్చున్నారు, మాస్టారు చుట్టూ తిరిగి చూశారు. కాసేపటికి ఆవిడే లేచి వచ్చారు. అక్కడ శ్మశానం వాతావరణం ఏమీ ఉండదు. ఆఫీసులవాళ్లు మధ్యాహ్నం డబ్బా తెరుచుకుని తినే పార్కు అది. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల తోటకి వెళ్లి ఉంటే ఇదీ అలాగే అనిపిస్తుంది. అయినా మనసొప్పకపోతే గట్టు మీద నుంచే చూడమనండి, అక్కడి నుంచీ బాగానే కనిపిస్తుంది.

కుతుబ్‌షాహీల మాట వచ్చింది కాబట్టి, ఈ కథలో మన గోల్కొండ కూడా ఉంది. డ్యూక్ చనిపోయాక ఆయన వజ్రాలను 1874లో జెనీవాలోనే అమ్మకానికి పెట్టారు. వాటిలో ఒక నీలం వజ్రం ఉంది. ఫ్రెంచి రాజుల ఖజానాలోంచి విప్లవం రోజుల్లో దొంగలెత్తుకుపోయిన నీలి వజ్రంలో ఇదొక ముక్క అని 19వ శతాబ్దపు రత్నాల నిపుణులు కొందరు రాశారు. ఆ ఫ్రెంచి వజ్రం మూలం కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గని అంటారు. పల్నాడు ప్రాంతంలోని ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. వజ్రాన్ని గోల్కొండ రాజ్యం నుంచి ఫ్రాన్సుకి తీసుకెళ్లి 14వ లూయీకి అమ్మినవాడు టావెర్నియే అనే వ్యాపారి.

ఇది చదివి ‘మన కొల్లూరు వజ్రం డ్యూక్ దగ్గరికి చేరింది’ అని వాట్సాప్‌లో పంపేయకండి. ఆ వాదన నిలవలేదు. 2007లో పారిస్ సహజ చరిత్ర మ్యూజియంలో ఆ ఫ్రెంచి వజ్రానికి సీసంతో పోసిన అచ్చు బయటపడింది. దానితో కొలతలు సరిచూస్తే ఆ రాయిలోంచి హోప్ అనే నీలి వజ్రం ఒక్కటే వచ్చిందని, ఇంకో చెప్పుకోదగ్గ ముక్కకి చోటు లేదని తేలింది. హోప్ వజ్రం ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

నిజంగా గట్టి లంకె వేరేది ఉంది. ఆ టావెర్నియేనే 1670లో ఈ జెనీవా సరస్సుకి దగ్గర్లోని ఒబొన్ అనే ఊరి కోటను, జమీందారీని కొనుక్కుని స్థిరపడ్డాడు. గోల్కొండ గనుల గురించి, అక్కడ పనిచేసే మనుషుల గురించి ఆయన వివరంగా రాసిన యాత్రల పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. మనవాళ్ల కష్టంతో తవ్విన రాళ్ల వ్యాపారం ఈ సరస్సు పక్కన కోటగా మారింది. మీకున్న ఒక్క పూటలో ఒబొన్ కుదరదు. జెనీవా నుంచి లోజాన్ వైపు రైల్లో వెళ్తే మాత్రం ఆ కొండవాలు ద్రాక్షతోటల మీదుగా ఎడమవైపు చూస్తూ ఈ కథ అమ్మానాన్నలకు చెప్పండి.

దారి, ఖర్చు. కోర్నవాన్ స్టేషన్ నుంచి రూ దెజాల్ప్ అనే వీధి పట్టుకుని కిందికి నడిస్తే నేరుగా స్మారకం ఉన్న పార్కు తగులుతుంది. బయల్దేరే ముందు స్టేషన్ పక్కనే ఉన్న నోత్ర్ దామ్ చర్చి కూడా చూడండి. అదీ 19వ శతాబ్దపు గోతిక్ పద్ధతే. చర్చికి, చర్చిలా కనిపించే సమాధికి తేడా అక్కడే తెలిసిపోతుంది. రాత్రి జెనీవాలో హోటల్లో దిగుతుంటే ఊళ్లో బస్సులు, ట్రాములు, చిన్న పడవలకు పనికొచ్చే ఉచిత ట్రాన్స్‌పోర్ట్ కార్డు హోటల్ ద్వారా వస్తుంది. రాకపోతే అడిగి తీసుకోండి. షమొనీ వెళ్లే బస్సులు ఎక్కే ప్లాస్ డోర్సియర్ బస్ స్టేషన్ ఈ పార్కుకి రెండు మూడు నిమిషాల దూరం. బస్సుకి ముందు గంట ఖాళీ ఉందంటే స్మారకం చూడటానికి అదే మంచి సమయం. షమొనీ ఫ్రాన్సులో ఉంది, పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి.

ఒక హెచ్చరిక. సరస్సు గట్టు మీద అప్పుడప్పుడు మూడు డబ్బాల కింద బంతి పెట్టి పందెం కాయించేవాళ్లు కనిపిస్తారు. చుట్టూ గెలుస్తున్నట్టు అరిచేవాళ్లంతా వాళ్ల మనుషులే. నిలబడి చూడటం కూడా వద్దు, చూస్తున్నప్పుడే జేబులు ఖాళీ అవుతాయి.

ఒక్క పూటలో ఇంకేం కలుపుకోవచ్చు? గైడు పుస్తకాలు చెప్పే పది చోట్ల వెంట పరిగెత్తొద్దు. డ్యూక్ కథనే పట్టుకుని నడవండి, మోకాళ్లకూ అదే మంచిది.

స్మారకం అయ్యాక పక్కనే బో రివాజ్ హోటల్ ముందు నుంచి గట్టు మీదికి రండి. 1898 సెప్టెంబరు 10న ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ ఈ హోటల్లోంచే బయల్దేరి పడవ ఎక్కడానికి నడుస్తుండగా లుకేని అనే ఇటలీ యువకుడు సానపెట్టిన ఆకురాయితో గుండెలో పొడిచాడు. తనను పొడిచిన సంగతే తెలియక ఆవిడ నడిచి పడవ ఎక్కింది, అక్కడ కూలిపోయింది. తిరిగి ఇదే హోటల్‌కి మోసుకొచ్చారు, ఇక్కడే ప్రాణం పోయింది. గట్టు రెయిలింగ్‌కి ఆ సంగతి చెప్పే ఫలకం ఉంది, దగ్గర్లో 1998లో పెట్టిన ఆవిడ విగ్రహం ఉంది.

అక్కడే పాకి (Pâquis) అనే పేట రేవులో మువెత్ అని పిలిచే చిన్న పసుపు పడవ ఎక్కి అవతలి ఒడ్డున మొలార్ వైపు దాటండి. కొద్ది నిమిషాల ప్రయాణమే కానీ నీళ్ల మీద నుంచి స్మారకం, సరస్సులోని పెద్ద ఫౌంటెన్ రెండూ కనిపిస్తాయి. ఆ ఫౌంటెన్ 140 మీటర్లు ఎగుస్తుంది, సెకనుకి 500 లీటర్ల నీళ్లు పోతాయి. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కాబట్టి ఆగి ఉంటే మీ అదృష్టాన్ని తిట్టుకోకుండా కాసేపాగి మళ్లీ చూడండి.

మొలార్ దగ్గర ట్రామ్ ఎక్కి ప్లాస్ ద నవ్ లో దిగితే ఎదురుగా గ్రాండ్ థియేటర్. ఇది డ్యూక్ డబ్బుతో కట్టిన ఒపేరా. స్మారకం పూర్తయిన 1879లోనే తెరిచారు. 1951లో మంటల్లో లోపలంతా పోయింది, బాగుచేసి 1962లో మళ్లీ తెరిచారు. ఒకే వీలునామాలోంచి ఒక సమాధి, ఒక నాట్యశాల పుట్టాయి. రెండూ ఒకే రోజు చూసినవాళ్లకే జెనీవా ఆ బేరానికి ఎందుకు ఒప్పుకుందో పూర్తిగా అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

థియేటర్ ఎదురుగానే బాస్టియాన్ పార్కు. లోపలికి అడుగుపెట్టగానే నేల మీద పెద్ద పెద్ద చదరంగం బల్లలు, మోకాలెత్తు పావులు ఉంటాయి. రిటైరైన పెద్దవాళ్లు గంటలు గంటలు ఆడుతుంటారు. మీలో ఎవరికైనా ఆట వస్తే నిలబడి చూడండి, ఖాళీ ఉంటే ఆడండి. మరికాస్త లోపలికెళ్తే ప్రొటెస్టెంట్ మతసంస్కర్తల విగ్రహాలున్న స్మారక గోడ వస్తుంది. 1909లో మొదలుపెట్టి 1917లో పూర్తి చేసిన ఆ గోడ దాదాపు 100 మీటర్ల పొడవు. మధ్యలో నిలబడ్డ నలుగురిలో కాల్విన్ ఒకడు. 16వ శతాబ్దంలో ఈ ఊరిని తన మతనియమాలతో నడిపించినవాడు. ఆయన చనిపోయేముందు తన సమాధి మీద గుర్తు ఏదీ పెట్టొద్దన్నాడు. అలాగే పూడ్చారు, కచ్చితంగా ఎక్కడో ఎవరికీ తెలియదు. తర్వాతి కాలంలో ప్లాన్‌పలె శ్మశానంలో ఒక చోట ఆయన పేరుతో చిన్న రాయి పెట్టారు. ఊరిని తీర్చిదిద్దినవాడు గుర్తు వద్దన్నాడు. ఊరికి ఏమీ కానివాడు అందరికీ కనిపించే చోట శిఖరం కట్టించుకున్నాడు. నాన్నగారికి ఇలాంటివి ఇష్టమైతే, అమ్మగారు పార్కులో కూర్చునే పక్షంలో, ఆ శ్మశానం కూడా దగ్గరే. గని కార్మికుల కోసం రక్షణ దీపం తయారుచేసిన హంఫ్రీ డేవీ కూడా అక్కడే ఉన్నాడు. సింగరేణిలో పనిచేసిన మా పెదనాన్నగారు ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డారు.

పాతబస్తీ కొండ మీది సెయింట్ పియెర్ కెథడ్రల్ మీ అమ్మానాన్నలతో వద్దంటాను. అక్కడికి ఎక్కాలి, బురుజుల్లోకి వెళ్లాలంటే ఇంకో 157 మెట్లు. మీరొక్కరే వెళ్లగలిగితే మాత్రం అందులోని మక్కబీ చాపెల్ చూడండి, 15వ శతాబ్దం తొలినాళ్ల గోతిక్ కట్టడం. తర్వాత రంగులు, అలంకారాలు కొత్తగా వేసినా అసలు కట్టడం పాతదే.

తిండి గురించి మీరు అడగలేదు కానీ అడిగేవాళ్లు చాలామంది. స్మారకం వెనక వైపు పాకి పేటలో ఇండియన్ హోటళ్లు ఉన్నాయి, అన్నం దొరుకుతుంది. స్విస్‌వాళ్ల ఫాండ్యూ, అంటే కరిగించిన చీజ్ వంటకం, రుచి చూడాలనుకుంటే ఒక మాట. అందులో మామూలుగా తెల్ల వైన్ పోస్తారు. అమ్మానాన్నలకు పట్టింపు ఉంటే ముందే అడగండి. మంచినీళ్లు కొనక్కర్లేదు, వీధి కుళాయిల నీళ్లు తాగొచ్చు.

మీరొచ్చే తేదీ, దిగే హోటల్ ఏ పేటలోనో ఇక్కడ రాస్తే ఈ వరసని మీ టైమ్‌కి తగ్గట్టు కుదించి చెప్తాను. ఆదివారమైతే కొట్లు చాలావరకు మూసి ఉంటాయి, చాక్లెట్లు కొనే పని శనివారమే పెట్టుకోండి.